అంబటాల నుంచి సద్దుల దాకా

అంబటాల అంటే పొద్దున తొమ్మిది, పది గంటల నడుమ వేళ. అంబలి తాగే వేళ కాబట్టి ఆ పేరు. రామన్నపేట, వలిగొండ, చిట్యాల, మునుగోడు చుట్టుపక్కల పల్లెలు గడియారం లేని రోజుల్లో పొద్దును ఇట్లాగే కొలుచుకున్నాయి. తెల్లవారకముందే మోట కొట్టబోయిన మనిషికి అంబటాలకు ఇంటి నుంచి అంబలి దుత్త వచ్చేది. ఎండ నెత్తికెక్కినాక సద్ది మూట విప్పేవాళ్లు. మాపటికి పొయ్యి వెలిగి వేడి బువ్వ దొరికేది. ఇవ్వాళ ఆ పల్లెల్లో పెద్దవాళ్ల నోట అంబటాల అన్న మాట ఇంకా వినపడుతుంది. అంబలి మాత్రం చాలా ఇళ్లలో లేదు. వంటకం పోయినా దాని పేరున్న వేళ మిగిలింది.

దక్షిణ తెలంగాణ ఎత్తు నేలల్లో తరాల వెంట వచ్చిన వంటల కథంతా ఈ తీరుగానే ఉంటుంది. కొన్ని వంటలు చెక్కుచెదరకుండా మనవరాళ్ల దాకా వచ్చాయి, కొన్ని ఒక్క తరంలో మాయమయ్యాయి. రుచిని బట్టి జరిగిందా అంటే కాదు, కష్టాన్ని బట్టి కూడా కాదు. సకినాల కంటే జొన్న గటక వండటం తేలిక, అయినా సకినాలే నిలిచాయి. సకినాలకు ఒక పండుగ ఉంది, గటకకు లేదు. తిథితో ముడిపడ్డ వంటను ఇల్లు విడిచిపెట్టలేదు. పూటతో ముడిపడ్డ వంట, పూట మారగానే పోయింది.

చెల్క నేల, జొన్న కంచం

రామన్నపేట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నల్లగొండలో భాగం. బీబీనగర్–నడికుడి రైలు మార్గంలో స్టేషన్ ఉన్న ఊరు. మండలంలోని సిరిపురం చేనేతకు పేరు పొందింది. తుమ్మలగూడెం అని పిలిచే ఇంద్రపాలనగరం విష్ణుకుండినుల నాటి రాజధాని అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడ దొరికిన రాగిరేకుల్లో బౌద్ధ విహారానికి చేసిన దానాల వివరం ఉంది. ఆ విహారపు భిక్షువులు రోజూ ఏం తిన్నారో రేకులు చెప్పవు. శాసనాలకు భూమి కావాలి, కంచంతో పని లేదు. ఆ లోటును చాలా శతాబ్దాల తర్వాత పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి కొంత తీర్చారు. 1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల యుద్ధాలను పక్కనబెట్టి జనం తిండినీ బట్టనూ ఆటనూ పట్టించుకుంది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే దక్కింది.

ఇక్కడి తిండిని నేలే తేల్చింది. ఎక్కువ భాగం ఎర్ర చెల్క, నడుమ నడుమ నల్లరేగడి, ఏటా 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. అది కూడా అదను చూసి పడుతుందన్న నమ్మకం లేదు. చెరువు కింద, బావి కింద ఉన్న నాలుగు మడులలో వరి. మిగతా అంతా జొన్న, సజ్జ, కంది, అనుములు, పెసలు, ఉలవలు, ఆముదాలు. ఆముదానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు చాలాకాలం పెట్టింది పేరు. ఆ నూనె దీపంలో వెలిగింది, తలకు పట్టింది, కందిపప్పుకు పురుగు పట్టకుండా కాపాడింది. చంటిబిడ్డకు ఉగ్గులో చుక్కగానూ పడింది.

జొన్నల్లో ఈ ప్రాంతం వాళ్లకు ఇష్టమైనది పచ్చజొన్న. గింజ లేత పసుపు రంగులో ఉంటుంది, రొట్టె తియ్యగా వస్తుంది, చొప్పను పశువులు ఇష్టంగా మేస్తాయి. మనిషికీ ఎడ్లకూ ఒకే చేను అన్నం పెట్టే లెక్క అది. జొన్న సాళ్ల నడుమ కంది వేయడం వల్ల కంచంలో గటక పక్కకు పప్పు దానంతటదే వచ్చి చేరింది. పోషకాహార నిపుణులు తర్వాత చెప్పిన సంగతిని చేను ముందే పాటించింది. తృణధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పుధాన్యంలో దండిగా ఉంటుంది.

గటక వండే తీరు ఇది. జొన్నలను కొంచెం తడిపి రోట్లో పోసి దంచి, పొట్టు చెరిగి, ఇసుర్రాయిలో రవ్వగా విసరాలి. కుండలో ఎసరు మరిగినాక రవ్వను కొద్దికొద్దిగా పోస్తూ, గడ్డ కట్టకుండా తెడ్డుతో కలుపుతూ ఉడికించాలి. మాపటికి వేడి గటక పప్పుతోనో పుంటికూరతోనో కడుపు నింపుతుంది. మిగిలిన దానిలో నీళ్లో సల్లో పోసి ఉంచితే తెల్లారేసరికి సన్నగా పులుస్తుంది. దాన్ని పలుచగా కలిపితే అంబలి, ముద్దగా ఉంచి ఉల్లిగడ్డ నంజుకుంటే సద్ది. ఒక్కసారి పొయ్యి వెలిగిస్తే మూడు పూటలు గడిచేవి. కట్టె దొరకని చెల్క ఊళ్లలో ఇది చిన్న పొదుపు కాదు. వేసవిలో తైదలతో, అంటే రాగులతో, ఇదే పని చేసేవాళ్లు.

జొన్న రొట్టెది మరో విద్య. గోధుమపిండిలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. చల్లటి నీళ్లతో తడిపితే పిండి సాగదు, అంచులు పగులుతాయి. అందుకే మసిలే నీళ్లు పోస్తారు. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగటగా మారి, గ్లూటెన్ చేయాల్సిన పని చేస్తుంది. చెయ్యి కాలేంత వేడి ఉండగానే అరచేతి మడిమతో పిసకాలి. తర్వాత ముద్దను పీట మీద పెట్టి పొడిపిండి చల్లుకుంటూ తడుతుంటే ముద్ద తిరుగుతూ పలుచబడుతుంది. పెంక మీద వేసి పైన తడిగుడ్డతో తుడవాలి. ఆ తడి ఆరేలోపు తిప్పితే రొట్టె పొంగుతుంది, ఆలస్యమైతే బీటలిస్తుంది. పాత పిండి పనికిరాదు. విసిరి వారం దాటితే జిగట తగ్గి రొట్టె విరుగుతుంది. నేర్చుకునే పిల్ల మొదటి నెల చేసే రొట్టెలు ఏ దేశపటం ఆకారంలోనైనా ఉండవచ్చు, గుండ్రంగా తప్ప.

తొక్కు, ఆకు, పులుసు

నంజుకునేదాన్ని ఇక్కడ తొక్కు అంటారు. దంచి తొక్కింది కాబట్టి తొక్కు. పచ్చడికీ నిలువ ఊరగాయకూ కూడా అదే పేరు. మాఘ మాసానికి ముందే చింతకాయ లేత గింజ పట్టకముందు తెంపి, ఉప్పు, పసుపు వేసి రోట్లో దంచి జాడీకి ఎత్తుతారు. అది ముడిసరుకు మాత్రమే. ఏ పూటకు ఆ పూట కొంచెం తీసి పచ్చిమిరపకాయతోనో పండుమిరపతోనో మళ్లీ నూరి, జీలకర్ర, ఎల్లిగడ్డ పోపు పెడతారు. వైశాఖంలో మామిడికాయ తొక్కు. కోస్తా ఆవకాయలో ఆవపిండి ముందు నిలబడుతుంది, ఇక్కడి తొక్కులో అల్లం, ఎల్లిగడ్డ ముద్ద ముందుంటుంది. రెండింటిలో ఏది గొప్పదన్న వాదన పెళ్లిళ్లలో వియ్యంకుల మధ్య ఎప్పుడూ తెగలేదు, తెగనవసరమూ లేదు.

వానకాలం మొదలైతే కూరగాయల తోట అక్కర్లేదు, చేను గట్టే తోట. గంగవాయిలి కూర, చెంచలి కూర, పొన్నగంటి, వినాయక చవితికి తుమ్మికూర, తీగకు బోడకాకర, కంచె మీద కాసరకాయ, చేలో బుడమకాయ. ఎండాకాలం చివర చింతచిగురు. విత్తనం వేయకుండా మొలిచిన ఈ ఆకుల పేర్లు తెలిసిన పిల్లలు కలుపు తీసేటప్పుడు ఏది పీకి పారేయాలో, ఏది ఒడిలో వేసుకోవాలో చూస్తూ నేర్చుకున్నారు. కలుపు మందు వచ్చాక ఈ పాఠం ఆగిపోయింది. చేలో గంగవాయిలి కూర లేకపోతే దాని పప్పు ఎట్లా వండాలో తెలిసి లాభం లేదు. విత్తనంతో పాటు వంట పోవడమన్నది అందరూ చెప్పే మాటే. కలుపుతో పాటు పోయిన వంటల లెక్క ఎవరూ తీయలేదు.

పచ్చిపులుసును పొయ్యి మీద కాచే పని లేదు. చింతపండు పిసికిన నీళ్లలో కాల్చిన మిరపకాయ నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు, వేయించి పొడి చేసిన నువ్వులు కలపాలి. మే నెల ఎండకు వేడి చారు దిగని గొంతుకు ఇదే ఆధారం. నల్లగొండ వంటలో చింతపండు ఇంత ఎక్కువ ఎందుకని అడిగితే చెట్లు ఎక్కువని జవాబు వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును చాలా ఊళ్లలో దాటింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయినట్లు తేలింది. ఇది తెలిసి ఎవరూ పులుసు కాయలేదు. పులుసు తాగినంత మాత్రాన ఫ్లోరైడ్‌తో వంకర తిరిగిన ఎముక చక్కబడదు కూడా. ఆ వ్యాధికి మందు మంచినీళ్లే. ఆ మంచినీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్‌కు 2015 జూన్‌లో ఈ పక్కనే ఉన్న చౌటుప్పల్ దగ్గర శంకుస్థాపన జరిగింది. అంతకుముందు ఆడవాళ్లు నీళ్లను పప్పుతో పరీక్షించేవాళ్లు. కందిపప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటే అవి 'పప్పుడకని నీళ్లు'. కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లలో పప్పు మెత్తబడదన్నది నిజమే. పప్పుడికే బావి అరకోసు దూరమైనా అక్కడి నుంచే ఒక బిందె వచ్చేది.

మాంసం పండుగకో చుట్టానికో. గొల్ల కురుమల మందల వల్ల గొర్రె మాంసానికి కొదువ లేదు, కొనే డబ్బుకే కొదువ. అందుకే బోటి, తలకాయ, కాళ్లు, నల్ల అన్నీ వేర్వేరు కూరలయ్యాయి. దళిత వాడల్లో మాంసాన్ని సన్నటి పట్టీలుగా కోసి ఎండబెట్టిన తునకలు దండెం మీద ఆరుతూ కరువు కాలానికి దాచిన తిండిగా ఉండేవి. వంటల పుస్తకాల్లో వీటికి చాలాకాలం చోటు దొరకలేదు. తరతరాల వంట అన్నప్పుడు ఏ వాడ తరాలన్న ప్రశ్న కూడా అందులో ఉంది.

పిల్లల పాలు, పిల్లల వాటా

బిడ్డ నోట మొదట పడేది ఉగ్గు. అన్నం పట్టే వయసులో మెత్తగా పిసికిన బువ్వలో పెరుగో పప్పుకట్టో కలిపి గోరుముద్దలు. అక్కడి నుంచి పిల్లల తిండి రెండు తావుల్లో నడిచేది. ఒకటి ఇల్లు, రెండోది చేను. చేనిలో దొరికేదాన్ని ఎవరూ వడ్డించరు, లెక్కా పెట్టరు.

జొన్న కంకి పాలు పోసుకొని గట్టిపడే ముందు దశలో కోసి, నిప్పుల మీద కాల్చి, చేటలో నలిపి ఊదితే వచ్చేవి ఊసబియ్యం. పొగ వాసన, పాల తీపి, కాలిన పొట్టు నోటికి అంటిన నలుపు, మూడూ కలిసిన రుచి అది. పంటలో ఆ దశ వారం పది రోజులకు మించి ఉండదు కాబట్టి ఏడాదిలో ఆ కొద్ది రోజులే ఈ తిండి. కోసుకునేందుకు పెద్దలు ఒప్పుకునే సాళ్లు గట్టు పక్కవి. పక్షులు తినేవీ అవే, పిల్లలు తినేవీ అవే.

చలికాలంలో గుడాలు. అనుములు, బొబ్బర్లు, ఉలవలు ఏవి ఉంటే అవి ఉడకబెట్టి ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వేసి గుప్పిట్లో పోస్తే బడికి పోతూ తింటూ పోవచ్చు. సంక్రాంతి ముందు పచ్చి అనపకాయలు ఒలిచి ఉడికించిన గుడాలకు ఉన్న రుచి ఎండు గింజలకు రాదు. వేసవిలో తాటి ముంజలు, ఈతపండ్లు. కార్తీకం దగ్గరపడితే సీతాఫలాలు, తర్వాత రేగుపండ్లు. సీతాఫలంలో దేశమంతా తెలిసిన బాలానగర్ రకం పేరు మహబూబ్‌నగర్ ప్రాంతపు ఊరిదే. గుట్టల్లో ఎవరూ నాటకుండా పెరిగిన చెట్ల నుంచి వచ్చిన రకం. తాటిగింజలు పాతిపెట్టి మొలకెత్తాక తవ్వి కాల్చుకునే గేగుల సంగతి ఈ తరం పిల్లలు రోడ్డు పక్క బండి మీద చూసి తెలుసుకుంటున్నారు.

ఇంట్లో చిరుతిండికి పెద్ద ఖర్చు లేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, పచ్చిమిరప కలిపి, నూనె రాసిన గిన్నె అడుగునా గోడలకూ అద్ది, మధ్యలో వేలితో నాలుగు బొక్కలు పెట్టి, మూత పెట్టి కాలిస్తే అది ఒక ఊళ్లో సర్వపిండి, ఇంకో ఊళ్లో గిన్నప్ప, మరో చోట తపాలచెక్క. సర్వ, గిన్నె, తపాల మూడూ పాత్రల పేర్లే. వంటకానికి పదార్థం పేరు కాక పాత్ర పేరు పెట్టిన అరుదైన సందర్భం ఇది. అడుగు మాడిన ముక్క కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లన్నది మాత్రం మూడు పేర్ల ఊళ్లలోనూ ఒకటే.

పండుగల లెక్క

ఏడాది పొడవునా పండుగలు ఒక వంటల పొత్తంలా పనిచేశాయి. ఏ నెలలో ఏది వండాలో పండుగ చెబుతుంది. వండకపోతే దేవుడి కంటే ముందు పక్కింటి వాళ్లు అడుగుతారు.

ఉగాదికి కొత్త కుండలో పచ్చడి. ఇక్కడ అది గిన్నెలో పోసుకొని తాగేంత పలుచన. దానితో బచ్చాలు, కొన్ని ఇళ్లలో వాటినే పోలెలు అంటారు. ఆషాఢ శుద్ధ ఏకాదశికి, అంటే తొలి ఏకాదశికి, పేలపిండి. జొన్నలను వేడి మట్టి పెంకలో వేయిస్తే గింజలోని తేమ ఆవిరై గట్టి పొర పగిలి పువ్వులా విచ్చుకుంటుంది. ఆ పేలాలను విసిరి బెల్లం, యాలకులు కలుపుతారు. జొన్న అన్న మాట మరచిన పట్నం ఇళ్లు కూడా ఆ రోజు పేలాలు కొనుక్కొస్తాయి. ఆషాఢ, శ్రావణాల్లో పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు బోనం. భోజనం అన్న మాటే బోనమైంది. కొత్త కుండకు పసుపు, సున్నం బొట్లు పెట్టి, లోపల వండిన అన్నం, పైన వేపమండలు, దీపం. వరి కరువైన రోజుల్లో కూడా అమ్మవారికి బియ్యపు బోనమే ఎత్తారు. తాము తిననిది దేవతకు పెట్టడం, దేవత పేరున తాము ఒక పూట తినడం రెండూ అందులో ఉన్నాయి.

బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాల వరుస. భాద్రపద అమావాస్యన ఎంగిలిపూలతో మొదలై, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, నడుమ అలిగిన బతుకమ్మ నాడు ఏమీ పెట్టకుండా, వేపకాయల ఆకారంలో పిండివంట, వెన్నముద్దలు, చివరికి సద్దులు. అలిగిన రోజును వరుసలో చేర్చిన వాళ్లెవరో గానీ వంటింటికి ఒక్క రోజు సెలవిచ్చారు. సద్దుల నాడు పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు కలిపిన అన్నాలు. సద్ది అంటే చేనికి మోసుకుపోయే చల్లటి కూడు. అదే మాట ఇక్కడ నైవేద్యమైంది. రోజువారీ సద్ది మూట పోయినా దాని పేరు అమ్మవారి దగ్గర భద్రంగా ఉంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది.

సద్దులతో పాటు మలీద ముద్దలు. సజ్జ రొట్టెనో జొన్న రొట్టెనో చిన్న ముక్కలుగా తుంపి, బెల్లం, నెయ్యి వేసి నలిపి ముద్ద చేస్తారు. మలీద పారసీ నుంచి ఉర్దూ దారిన వచ్చిన మాట. నలిపింది అని అర్థం. ఇదే ముద్దను పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి పీర్లకు నైవేద్యం పెడతారు. బగారన్నం, దాల్చా కూడా దక్కన్ ముస్లిం వంటిళ్ల నుంచి పల్లె పెళ్లి పందిట్లోకి వచ్చినవే. ఇవ్వాళ రామన్నపేట వైపు పెళ్లికి పోయి బగారన్నం లేదంటే అది పెళ్లి కాదన్నట్లు చూస్తారు.

సంక్రాంతికి సకినాలు, అరిసెలు. నానబెట్టిన బియ్యాన్ని తడిగా ఉండగానే పిండి పట్టి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపి, గుడ్డ మీద వేళ్ల నడుమ పిండిని తాడులా తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. తడి కొంచెం గుడ్డకు పీల్చుకున్నాక నూనెలో వేస్తారు. అచ్చు లేదు, యంత్రం లేదు. చుట్టు వేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి వాడ ఆడవాళ్లు వంతులవారీగా ఒక్కో ఇంట్లో కూర్చుంటారు. పిల్లలు పక్కన కూర్చొని వంకర సకినాలు వేసి తిట్లు తిని, రెండు మూడు సంక్రాంతులకు సాపుగా వేయడం నేర్చుకుంటారు. వంట తరం మారే చోటు ఏదని వెతికితే ఈ గుడ్డ అంచు కంటే మంచి ఉదాహరణ దొరకదు.

చెయ్యే కొలత

పాత ఇళ్లలో వంటకు రాత లేదు, కొలత మాత్రం ఉంది. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు చేతి కొలతలు. సోల, తవ్వ, మానెడు, అడ్డెడు, కుంచెడు పాత్ర కొలతలు. బియ్యం, జొన్నలు పాత్రతో కొలిచేవాళ్లు, ఉప్పు, కారం చేతితో. పిడికెడు అన్నది మనిషిని బట్టి మారుతుంది కాబట్టి అమ్మ చేసిన తొక్కు, బిడ్డ చేసిన తొక్కు ఎన్నడూ ఒక్కతీరుగా ఉండవు. 'సరిపడా' అన్న మాటకు గ్రాముల్లో అర్థం లేదు, పక్కన నిలబడి చూసిన వాళ్లకే ఉంది.

పెళ్లయి పోయిన పిల్ల తల్లిగారింటి చేతిని అత్తగారింటికి తీసుకుపోతుంది. అక్కడ అత్త చేతికి ఒదిగి, కొన్నేళ్లకు రెండూ కాని మూడో రుచి పుడుతుంది. కాబట్టి 'మా ఇంటి వంట' అనేది నిజానికి నలుగురైదుగురు కోడళ్ల పుట్టిళ్ల కలగలుపు. ఇంటిపేరు మగవాళ్ల వరుసలో వస్తుంది, తొక్కు రుచి ఆడవాళ్ల వరుసలో.

అచ్చులో వంటల పుస్తకాలు వచ్చినప్పుడు ఈ వరుసకు పక్కదారి ఏర్పడింది. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన మాలతీ చందూర్ రాసిన 'వంటలు–పిండివంటలు' తెలుగిళ్లలో ఎన్నో ముద్రణలు చూసింది. తెలంగాణ పల్లె వంటలకు మాత్రం ఆ స్థాయి పుస్తకం ఆ కాలంలో రాలేదు. గటకకు, ఊసబియ్యానికి పుస్తకం ఎందుకని ఎవరూ అనుకోలేదు. రోజూ తినేదాన్ని రాసిపెట్టాలని తోచదు, ఆగిపోయాక రాయడానికి చేతి లెక్క తెలిసినవాళ్లు ఉండరు.

గటక ఎందుకు పోయింది

గటక పోయిందని బాధపడే వ్యాసాలు చాలా వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇసుర్రాయి తిప్పని వాళ్లు రాసినవి. తొలికోడి కూయగానే లేచి ఇంటిల్లిపాదికీ జొన్నలు దంచి, చెరిగి, విసిరి, ఆ పైన కూలికి పోయిన ఆడమనిషికి ఆ పని పోవడం విముక్తి. పిండి గిర్ని ఊళ్లోకి వచ్చినప్పుడు మొదట సంతోషించింది ఆమెనే. రొట్టె పిండి గిర్నికి పోయింది. గటక రవ్వకు మాత్రం దంచుడు తప్పలేదు. బియ్యం అట్లా కాదు, మిల్లులో పట్టించి తెస్తే కడిగి పొయ్యి మీద పెట్టడమే.

బియ్యానికి పరువు కూడా ఉంది. దొరల ఇంట, బాపనింట వరి అన్నం, జీతగాడి దుత్తలో జొన్న గటక. పండుగ నాడే తెల్లబువ్వ చూసిన తరం, అది రోజూ దొరికే రోజు రాగానే అందుకుంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. అటు నాగార్జునసాగర్ నుంచి 1967లో పారిన నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరిని పెంచాయి. సాగర్ నీళ్లు అందని రామన్నపేట వైపు మూసీ కాలువలు, బోరుబావులు ఆ పని చేశాయి. 2011లో బియ్యం కిలో రూపాయికి దిగింది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, పాత నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. దొడ్డు బియ్యం కూడా పేదరికపు గుర్తయ్యేంత దూరం కంచం వచ్చేసింది.

జొన్న తిండి అంతా ఆరోగ్యమే అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. 1960లో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన శాల శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. దక్కన్‌లో జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా ఎందుకు కనిపిస్తోందన్నది వాళ్ల ప్రశ్న. నయాసిన్ అనే విటమిన్ లోపం వల్ల ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులూడటం, విరేచనాలు, మతి చెదరడం ఈ జబ్బు లక్షణాలు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ నయాసిన్ తయారీకి అడ్డుపడుతుందని వాళ్లు ప్రతిపాదించారు. ఆ వాదం మీద తర్వాత చర్చ చాలా జరిగింది గానీ, పెల్లాగ్రా జొన్న తప్ప మరేదీ దొరకని ఇళ్లలో కనిపించిందన్నది తేలిన సంగతి. పప్పు, ఆకుకూర, సల్ల, గుడ్డు ఉన్న జొన్న కంచం వేరు, ఉప్పు, మిరపకాయతో ముగిసే జొన్న కంచం వేరు. నానమ్మల కాలం అన్నప్పుడు రెండు కంచాలూ ఆ కాలానివే.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో దాదాపు 10 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాముల పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో ప్రొటీన్ 8 గ్రాముల లోపు, పీచు 3 గ్రాముల లోపు. రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. బియ్యం ఆకలిని తీర్చింది, ఆ తర్వాత చక్కెర వ్యాధి వయసులో జొన్న రొట్టె డాక్టర్ చీటీ మీద తిరిగొచ్చింది. ఒకప్పుడు లేక తిన్నది ఇప్పుడు కొని తింటున్నారు.

దారి పట్టిన సద్ది

పాలమూరు కూలీలు మట్టి పనికి దేశమంతా తిరిగారు. నల్లగొండ పద్మశాలీలు మగ్గం వెంట షోలాపూర్, భివండి, ముంబై పోయారు. వలస మూటలో జొన్నపిండి, కారం, చింతకాయ తొక్కు, బుడమకాయ ఒరుగులు ఉండేవి. షోలాపూర్‌లో వాళ్లకు కష్టం కాలేదు. అక్కడి జొన్న భాకరీ, ఇక్కడి రొట్టె తోబుట్టువులే. ఆ ఊళ్లలో పుట్టి మరాఠీ బడిలో చదివిన పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోయినా బతుకమ్మ నాడు సద్దుల పేర్లు వచ్చు.

అమెరికా, గల్ఫ్ పోయే సంచుల్లోనూ తొక్కు సీసా ఉంటుంది. గటక రవ్వ ఉండదు. తొక్కుకు ఉన్న పాస్‌పోర్టు గటకకు దొరకలేదు.

ఇంటి దగ్గర పూట వంట మరో దారిన తిరిగొస్తోంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద, చౌటుప్పల్, చిట్యాల వైపు, జొన్న రొట్టె, నాటుకోడి బోర్డులు వరుసగా కనిపిస్తాయి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది తెలంగాణ సర్కారు బడుల్లో రాగి జావ పోయడం మొదలైంది. అంబటాలకు తాగిన తైద అంబలి, బడి గంటకు ముందు స్టీలు గ్లాసులో జావ పేరుతో వచ్చింది. పులియబెట్టింది కాదు, ఉల్లిగడ్డ బదులు బెల్లం. బడి వంటకు ఒక వేళ, ఒక గంట ఉన్నాయి కాబట్టి, అంబలికి దొరకని తిథి జావకు దొరికినట్లే.

రామన్నపేట వైపు ఇళ్లలో ఇప్పుడు గ్యాస్ పొయ్యి, మిక్సీ, కుక్కర్ అన్నీ ఉన్నాయి. పేలపిండి మిక్సీలో తిరుగుతుంది. సకినాల పిండి గిర్నికి పోతుంది. పులిహోరకు అన్నం కుక్కర్‌లో ఉడుకుతుంది. మలీద దగ్గర మాత్రం యంత్రం ఆగుతుంది. వేడి సజ్జ రొట్టెను మిక్సీలో వేస్తే బెల్లంతో కలిసి జిగట ముద్దయి గిన్నెకు అంటుకుపోతుంది, పలుకు మిగలదు. అందుకే సద్దుల బతుకమ్మ సాయంత్రం, పూలు పేర్చే హడావుడిలో ఎవరో ఒకరు వెడల్పు పళ్లెం ముందు కూర్చొని, కాలుతున్న రొట్టెను ఊదుకుంటూ చేత్తోనే నలుపుతారు. పిల్లల చేతికి ఆ పని ఇస్తే సగం ముద్ద చేయకముందే నోట్లోకి పోతుంది.